వంగడం వేరు, కుంగడం వేరు

మన హాస్టల్ సంచికల్లో క్రమశిక్షణ గురించి చాలా చదువుకున్నాం. ఈసారి మనసుకిచ్చే శిక్షణ గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

వంగ దేశంలో 982లో పుట్టిన అతీశ దీపంకరుడు అనే బౌద్ధాచార్యుడు సుమత్రా దీవిలో పన్నెండేళ్లు చదువుకున్నాడు. 1042లో టిబెట్ చేరి, 1054లో మరణించే వరకు అక్కడే బోధించాడు. ఆయన శిష్య పరంపరలో పెరిగిన సాధనే 'లోజోంగ్'. టిబెటన్ భాషలో మనసుకు శిక్షణ అని దాని అర్థం. 12వ శతాబ్దంలో చెకావా అనే గురువు దీనిని ఏడు అంశాలుగా కూర్చాడు. శ్వాస తీసుకుంటూ ఎదుటివారి బాధను స్వీకరిస్తున్నట్లు, విడుస్తూ మన సుఖాన్ని వారికి ఇస్తున్నట్లు భావించడం ఇందులో ముఖ్యమైనది.

ఈ సాధనలోనూ గర్వం చొరబడుతుంది. "నాకు కోపం తగ్గింది, వాడికింకా తగ్గలేదు" అనుకున్న క్షణమే శిక్షణ చెడింది. అందుకే ఆ గురువులు పరుల లోపాలు వెతకవద్దని, చేసిన మంచికి పొగడ్త ఆశించవద్దని చెప్పారు.

అయితే మనకు ఇక్కడ ఒక చిక్కు ఉంది. లాంగ్రి తాంగ్‌పా (1054-1123) అనే గురువు తన ఎనిమిది పద్యాలలో, ఎవరి మధ్య ఉన్నా తనను అందరికన్నా తక్కువగా తలచుకోవాలన్నాడు. ఆ మాట మనకు ఒకరు కొత్తగా నేర్పాలా? హోటల్లో వేరే గ్లాసు పెట్టిన రోజుల్లోనే మన పెద్దలు దానిని విన్నారు. పీజీ తరగతిలో సందేహం ఉన్నా, ఇంగ్లీషు తప్పు పోతుందేమోనని లేవలేక కూర్చున్న రోజులు మనకూ ఉన్నాయి. దానినే వినయం అనుకున్నాం. నిజానికి అది భయం.

దీనికి సమాధానం బౌద్ధంలోనే ఉంది. పాళీ గ్రంథాలు 'మానం', అంటే అహంభావం, మూడు విధాలని చెబుతాయి: నేను ఎక్కువ, నేను సమానం, నేను తక్కువ. మూడింటిలోనూ మనసు పక్కవాడితో కొలుచుకుంటూనే ఉంటుంది. ఆ కొలబద్దను కింద పెట్టడమే వినయం. లాంగ్రి తాంగ్‌పా చెప్పినది గర్వానికి మందు. మందు రోగాన్ని బట్టి వేసుకోవాలి. పొగరు ఉన్నవాడికి పనిచేసే మందును కుంగిపోయినవాడు మింగితే మరింత నీరసిస్తాడు.

సమతుల్యత గురించి బుద్ధుడు సోణుడనే భిక్షువుకు చెప్పిన ఉపమానం అందరికీ ఉపయోగపడుతుంది. సోణుడు పాదాల నుండి రక్తం కారేలా నడుస్తూ సాధన చేసి, ఫలితం లేదని నిరాశ పడ్డాడు. అతనికి వీణ వచ్చు. తీగ మరీ బిగించినా, మరీ వదులు చేసినా సరిగా పలకదని బుద్ధుడు గుర్తు చేశాడు. పరీక్షల ముందు నిద్ర మానేసే మనకూ, ఫలితాల తర్వాత పుస్తకం ముట్టని మనకూ ఈ పాఠం కావాలి.

మన నాగార్జునకొండతో పేరు ముడిపడిన ఆచార్య నాగార్జునుడు కూడా ఒక రాజుకు రాసిన 'సుహృల్లేఖ'లో లాభనష్టాలు, సుఖదుఃఖాలు, కీర్తి అపకీర్తులు, పొగడ్త నిందలు అనే ఎనిమిదింటినీ సమంగా చూడమన్నాడు.

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో డాక్టర్ అంబేద్కర్ ముందుగా భిక్షువు చంద్రమణి వద్ద తాను దీక్ష తీసుకుని, ఆ తర్వాతే లక్షలాది ప్రజలకు ఇచ్చారు. కులానికి తల వంచని మనిషి ధమ్మం ముందు శిష్యుడిగా నిలబడ్డారు. వంగడానికీ కుంగడానికీ తేడా అక్కడ కనిపిస్తుంది.

ఇక మనం చేయగలిగినవి:

1. రాత్రి స్టడీ అవర్ తర్వాత ఐదు నిమిషాలు శ్వాసను గమనిద్దాం. ఇచ్చిపుచ్చుకునే సాధనను ముందు మన బాధతోనే మొదలుపెట్టి, తర్వాత పక్క మంచం మీది మిత్రుడి వైపు మళ్లిద్దాం.

2. ర్యాంకు వచ్చిన రోజు, ఫెయిలైన రోజు ఒకే తీరున తమ్ముళ్లకు లెక్కలు చెబుదాం.

3. అన్యాయం జరిగితే సాధన పేరుతో నోరు మూసుకోవద్దు. ద్వేషం లేకుండా, స్పష్టంగా అడుగుదాం.

తెలియనిది "తెలియదు" అని ఒప్పుకోవడం, తెలిసినది లేచి నిలబడి చెప్పడం, రెండూ వినయమే. ఈ రెండూ మన హాస్టల్ గదుల నుండే అలవరచుకుందాం.