తాటి నీరా, కల్లు రుచి చెడుట: కారణములు, నివారణ

పల్నాటి పల్లెలలో గీతపని చేయు సోదరులు తరచుగా ఒక మాట అనుచుందురు: "ఆ చెట్టు కల్లు తీపి, ఈ చెట్టు కల్లు కంపు." చెట్టునుబట్టి తీపిలో కొంత హెచ్చుతగ్గులుండుట నిజమే. కాని కంపు, ఘాటైన పులుపు, జిగట చెట్టునుండి వచ్చునవి కావు. గెలనుండి కారు రసము తేటగా, తియ్యగా ఉండును. దోషము లొట్టిలో పుట్టును. మోకు నమ్ముకొని, ప్రాణమునకు తెగించి ఎక్కి దింపిన లొట్టిని చివరకు నేలపాలు చేయవలసి వచ్చినచో ఆ నష్టము చెట్టుమీద వేసి ఊరకుండరాదు. దానిని చాలవరకు ఆపు మార్గము మన చేతిలోనే కలదు.

తాటి రసములో నూటికి సుమారు 10 నుండి 12 పాళ్లు చక్కెర ఉండును. ఇంత తీపి, దానికి తోడు మన ఎండ! రెంటచింతలలో వేసవి వేడి ఎట్టిదో మీకు చెప్పనక్కరలేదు. గాలిలోను, ఈగల కాళ్లకును, గీతకత్తికిని, అన్నిటికంటె ఎక్కువగా పాత లొట్టి గోడలకును అంటియున్న సూక్ష్మజీవులకు ఇంతకంటె మంచి మేత దొరకదు. పాలు తోడుపెట్టుటకు చేమిరి ఎట్లో, లొట్టి అడుగున మిగిలిన మడ్డి రసమునకు అట్లు. కడుగని లొట్టిని మరల కట్టుట యనగా తోడువేసిన గిన్నెలో పాలు పితుకుటయే.

మొదట ఈస్టు అను జీవి చక్కెరను విరిచి, దానిని ఆల్కహాలుగాను బొగ్గుపులుసు వాయువుగాను మార్చును. నురుగు, తెల్లదనము ఇందువలననే కలుగును. కల్లు తెల్లగా ఉండుట దోషము కాదు. దానితోపాటు పాలను పెరుగు చేయు జాతి జీవులు పెరిగి పులుపు నిచ్చును. ఇంతవరకు సహజమే. ఇక చెడుగు ఏది యన్నచో, దానిని ముక్కుతోను, నాలుకతోను, వ్రేళ్లతోను కూడ పోల్చుకొనవచ్చును. ముక్కుపుటములను మండించు పులుపు తగిలినచో, గాలి సోకి ఆల్కహాలు వెనిగర్‌గా మారుచున్నదని తెలియవలెను. వ్రేళ్ల మధ్య తీగవలె సాగినచో, చక్కెరను జిగురుగా మార్చు జీవులు లొట్టిలో కాపురమున్నవి. కుళ్లిన గ్రుడ్డు వాసన గంధకపు వాయువుది. కొన్ని జాతుల ఈస్టులు, బాక్టీరియాలు దానిని విడుచును. బూజు వాసన మాత్రము నూటికి నూరుపాళ్లు లొట్టిదే.

ఈ విషయము మనకే పరిమితము కాదు. ద్రాక్షవైనుకు పట్టు ఒక్కొక్క తెగులుకు ఒక్కొక్క సూక్ష్మజీవి కారణమని ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్ 1866లో ప్రకటించిన గ్రంథములో చూపెను. ఏ మందును కలుపకుండ సహజముగా పులియబెట్టు వైనులు నేడు ఐరోపాలో ప్రసిద్ధి పొందినవి. వానిలో కొన్నిటిని మ్రింగిన కొద్ది క్షణములకు నోటిలో ఎలుకవాసన వంటి రుచి తేలును. అది కూడ సూక్ష్మజీవుల పనియే. మందు లేనిచోట శుభ్రతయే మందు. మన కల్లు కూడ అట్టి సహజపానీయమే కదా!

కావున లొట్టితో మొదలుపెట్టుడు. ప్రతి చెట్టునకు రెండు లొట్లు ఉండవలెను. ఒకటి చెట్టుమీద ఉండగా రెండవది కడిగి, వేడినీటితో కొబ్బరిపీచు పెట్టి లోపల బాగుగా తోమి, మరుగునీరు పోసి తిప్పి పారబోసి, బోర్లించి మంటపై కాచి, ఎండలో ఆరబెట్టవలెను. కొత్త లొట్లకు ఖర్చగునని వెనుదీయవలదు. పగుళ్లున్న లొట్టిని ఎంత కడిగినను శుభ్రపడదు. దానిని కోళ్లకు నీరు పెట్టుటకు వాడుకొనుడు. కత్తిని కూడ మరుగునీటిలో ముంచి తీయుట అలవాటు చేసికొనవలెను. కోసిన ముఖము ఎండి పాచిపట్టకుండ ప్రతి పూట పలుచగా చెక్కవలెను. లొట్టి మూతికి శుభ్రమైన గుడ్డగాని, ఈనెల అల్లికగాని కట్టినచో చీమలు, కందిరీగలు పడవు. గబ్బిలములు మూతి ముట్టకుండుట కూడ ముఖ్యము. బంగ్లాదేశ్‌లో గబ్బిలములు ముట్టిన పచ్చి ఖర్జూరరసము త్రాగుటవలన నిపా అను ప్రాణాంతకమైన జ్వరము మనుష్యులకు సోకినది.

నీరా కొరకును, బెల్లము కొరకును గీయువారికి సున్నము తప్పదు. పులిసిన రసములో చక్కెర విరిగిపోవును గనుక పాకము కుదరదు. కుదిరినను ఆ బెల్లము తడిసి కారును. పిడుగురాళ్ల బట్టీల సున్నము మన ముంగిటనే కలదు. అయితే తాజా సున్నమే పనికివచ్చును. గాలికి పాతబడిన సున్నము సుద్దగా మారి బలమును కోల్పోవును. రాతిసున్నమును కండ్లకు దూరముగా, జాగ్రత్తగా నీటిలో విరిచి, గుడ్డలో వడగట్టి, లొట్టి లోపల పలుచగా పూయవలెను. రంగుపొడి, జిగురు కలిపిన గోడసున్నము వాడరాదు. ప్రతిసారి పాత పూత కడిగి కొత్త పూత వేయవలెను. పాత పూత పులుపును పీల్చి అప్పటికే నిర్వీర్యమై యుండును. సున్నము మితిమీరినచో నీరా వగరుగా నుండును, బెల్లము నల్లబడును. దింపిన వెంటనే ఎర్ర లిట్మస్ కాగితమును ముంచి చూడుడు. నీలముగా మారినచో పులుపు ఎక్కలేదు. నీలి కాగితమే ఎర్రబడినచో ఆ రసమును బెల్లపు పెనములోని మంచి రసములో కలుపవద్దు.

సాయంకాలము కట్టి, పొద్దుపొడుపునకు ముందే దింపుట మేలు. సూర్యుడెక్కిన పిదప గడచు ప్రతి గంటయు నష్టమే. కాసరగోడులోని కేంద్ర తోటపంటల పరిశోధన సంస్థ కొబ్బరి రసమును మంచుపెట్టెలో పట్టు సాధనమును రూపొందించినది. దానితో సున్నము లేకుండనే రసము తియ్యగా నిలుచును. మనవారు కనీసము దింపిన రసమునైనను ఐసు నింపిన థర్మోకోల్ పెట్టెలో ఉంచవచ్చును. చలి సూక్ష్మజీవులను చంపదు, నిదానింపజేయును. కావున అమ్మకము ఆలస్యము చేయరాదు.

కల్లుకు సున్నము వేయరు. అక్కడ చేయవలసినది నిన్నటి మిగులును నేటి తాజాలో కలుపకుండుట, పాత్రను నిండుగా నింపి గాలికి చోటివ్వకుండుట, ఆనాటికానాడే అమ్ముట. పులుపును కప్పిపుచ్చుటకు సాక్రిన్ వేయువారున్నారు. అంతటితో ఆగక మత్తుమందులు కలుపు దుర్మార్గులును ఉన్నారు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి పలువురు మరణించిరి. ఎవరైన అట్టి పొడిని "రుచికి" అని తెచ్చి ఇచ్చినచో తీసికొనవలదు. ఎక్సైజు శాఖవారికి తెలుపుడు.

అమ్ముడుపోని శుభ్రమైన కల్లును వెడల్పు మూతి కుండలో పోసి, పలుచని గుడ్డ కట్టి, కొన్ని వారములు నీడన ఉంచినచో వెనిగర్ అగును, పచ్చళ్లకు పనికివచ్చును. అయితే ఈ కుండలను గీతలొట్లుంచు పాకలో పెట్టరాదు. వానిపై వ్రాలు చిన్న ఈగలు ఆ పులుపు జీవులను కాళ్లతో మోసికొనివచ్చి, కడిగి ఆరబెట్టిన లొట్లకు అంటించును.