ముందు స్క్రూడ్రైవర్ కింద పెట్టండి

పాత ఫోక్స్‌వాగన్ క్యాంపర్ వ్యాన్ మొరాయించిందంటే ఓనరు చెయ్యి తిన్నగా కార్బొరేటర్ మీదికే పోతుంది. వెనక మూత ఎత్తగానే కనబడేది అదే. దానికో స్క్రూ ఉంటుంది. అది తిప్పితే ఇంజన్ చప్పుడు మారుతుంది. మారింది కాబట్టి ఏదో బాగుచేశామన్న తృప్తి కలుగుతుంది. అసలు జబ్బు ఉన్నచోటే ఉంటుంది, పైగా అప్పటిదాకా సరిగ్గా ఉన్న సెట్టింగు కూడా పోతుంది.

ఈ బండ్లతో ఏళ్ళ తరబడి కాపురం చేసినవాళ్ళ వరస వేరు. ముందు ట్యాపెట్లు, అంటే వాల్వుల గ్యాపు, తర్వాత డిస్ట్రిబ్యూటర్లోని పాయింట్లు, ఆ తర్వాత స్పార్కు టైమింగు, అన్నీ అయ్యాక ఆఖర్న కార్బొరేటర్. పాయింట్ల గ్యాపు మారితే టైమింగు మారుతుంది కాబట్టి, వరస తప్పితే చేసిన పనే మళ్ళీ చేయాలి. వాల్వు సరిగా మూసుకోని సిలిండరుకి పెట్రోలు ఎంత లెక్కగా పంపినా దండగే. వ్యక్తిత్వ వికాసం పేరుతో వచ్చే పుస్తకాల్లో సగం మనచేత కార్బొరేటర్ స్క్రూ తిప్పించేవేనని నా అభిప్రాయం. తెల్లవారుజామున లేవండి, డైరీ రాయండి, అద్దంలో చూసుకుని నవ్వండి అంటాయి. అన్నీ చేతికందే పనులే. మనకి అసలు ఎక్కడ పట్టేసిందో చూసే ఓపిక వాటికి ఉండదు.

బెన్ పాన్ అనే డచ్ వ్యాపారి 1947లో నోట్‌బుక్‌లో గీసిన చిన్న బొమ్మ నుంచి పుట్టిన వ్యాన్ ఇది. 1950లో జర్మనీలో తయారీ మొదలైంది, బ్రెజిల్‌లో 2013 దాకా సాగింది. మంచం, పొయ్యి, అల్మరా అమర్చుకుంటే అదే ఇల్లు. అరవైల్లో, డెబ్బైల్లో టర్కీ, ఇరాన్, అఫ్ఘనిస్తాన్ మీదుగా మన దేశానికొచ్చిన హిప్పీల్లో కొందరు వీటిలోనే వచ్చారు. ఇంజన్ వెనక ఉంటుంది. పాతవాటికి రేడియేటర్ లేదు, ఫ్యాను గాలితోనే చల్లబడాలి. వైర్లు, గొట్టాలు తీసేసి కొన్ని బోల్టులు విప్పితే జాకీ మీద ఇంజన్ మొత్తాన్ని కిందికి దించొచ్చు. జేబులో డబ్బుల్లేని వాళ్ళ చేతుల్లో ఈ బండి ఇన్నాళ్ళు బతకడానికి అదో కారణం. ఇంకో కారణం, ఇంజనీరు కొలువు వదిలేసిన జాన్ మ్యూర్ అనే అమెరికన్ 1969లో వేసిన రిపేరు పుస్తకం, ‘హౌ టు కీప్ యువర్ ఫోక్స్‌వాగన్ ఎలైవ్’. స్పానర్ పట్టడం కూడా రానివాళ్ళ కోసం రాశాడు. ఉపశీర్షికలోనే పాఠకుణ్ణి ఇడియట్ అన్నాడు. అయినా ఎవరూ కోపగించుకోలేదు, కొనుక్కున్నారు.

డబ్బున్నవాడు అనుమానం వచ్చిన పార్టునల్లా మార్చేస్తాడు. ఏ పార్టు వల్ల బాగుపడిందో అతనికి ఎప్పటికీ తెలియదు. ఒక్క పార్టుకి సరిపడా డబ్బే ఉన్నవాడికి ఆ సుఖం లేదు, ముందు తేల్చుకోవాలి. పొగ చూడగానే “బోరుకొచ్చింది, ఇంజన్ దించాల్సిందే” అని తీర్పు చెప్పే మెకానిక్ మన ఆటోనగర్లలోనూ ఉంటాడు. నల్లటి పొగైతే పెట్రోలు ఎక్కువ పోతోందని, నీలం పొగైతే ఆయిలు కాలుతోందని అర్థం. రెండింటికీ ఒకే మందు వేసేవాడు తేల్చి చూడలేదన్నమాట.

తేల్చడమంటే ఎలాగో చూడండి. నాలుగు ప్లగ్గులూ విప్పి వరసగా పెడతారు. మూడు గోధుమరంగులో పొడిగా ఉండి నాలుగోది ఆయిలుతో తడిగా ఉంటే వెతకాల్సిన చోటు ఒకటికి తగ్గినట్టే. తర్వాత కంప్రెషన్ గేజి పెట్టి చూస్తారు. అంకె ఎంత వచ్చిందన్నదాని కన్నా నాలుగు అంకెలూ దగ్గరగా ఉన్నాయా అన్నది ముఖ్యం. ఒకటి బాగా తగ్గితే ఆ సిలిండర్లో చెంచాడు ఆయిలు పోసి మళ్ళీ చూడమంటారు. అంకె పెరిగితే లోపం పిస్టన్ రింగుల్లో, పెరక్కపోతే వాల్వుల్లో. కానీ ఈ ఇంజన్లో సిలిండర్లు పడుకుని ఉంటాయి, ఆయిలు కిందికి జారి ఒకవైపే చేరుతుంది, అందుకని ఈ పరీక్షని పూర్తిగా నమ్మలేం. ఇంతకన్నా నికరమైనది చెవి. రెండు వాల్వులూ మూసుకున్న స్థితిలో ఇంజన్ని నిలిపి, ప్లగ్గు రంధ్రంలోంచి గాలి ఎక్కించి వింటారు. సైలెన్సర్లోంచి బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు, కార్బొరేటర్లోంచి వస్తే ఇన్‌టేక్ వాల్వు, ఆయిలు పోసే మూత దగ్గర వినిపిస్తే రింగులు.

చప్పుడు సంగతి వచ్చింది కాబట్టి ట్యాపెట్ల గురించి చెప్పాలి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు సాధారణంగా 0.15 మిల్లీమీటర్ల గ్యాపు పెట్టాలి. గ్యాపు ఎక్కువైతే టకటకమని వీధంతా వినబడుతుంది, ఓనరు కంగారుపడతాడు. తగ్గిపోతే చప్పుడు ఉండదు, ఇంజన్ మెత్తగా నడుస్తోందని మురిసిపోతాడు. ప్రమాదం రెండోదానిలోనే ఎక్కువ. గ్యాపు లేని వాల్వు పూర్తిగా మూసుకోదు. మూసుకోకపోతే దానిలోని వేడి హెడ్డులోకి దిగదు. అలా కాలి కాలి ఏదో ఒకరోజు వాల్వు తల తెగి పిస్టన్ మీద పడుతుంది. సర్దిన ప్రతిసారీ అదే వాల్వు గ్యాపు తగ్గిపోతోందంటే గ్యాపు కొలిచే ఫీలర్ గేజితో సరిపెట్టి ఊరుకోకూడదు, హెడ్డు విప్పాల్సిందే. పైకి గొడవ లేదు కదా అని ఏళ్ళ తరబడి విప్పి చూడని సంగతులు మనుషుల మధ్యా ఉంటాయి.

తరచూ కాలిపోయేది మూడో సిలిండరు ఎగ్జాస్ట్ వాల్వు. ఆ సిలిండరు లోహం నాసిరకమేమీ కాదు. దానికి చేరాల్సిన చల్లగాలికి ఆయిల్ కూలరు అడ్డంగా నిలబడి ఉండేది. 1971 మోడల్ నుంచి 1600 సీసీ ఇంజన్లో కంపెనీ ఆ కూలర్ని పక్కకి జరిపి విడిగా గాలిదారి ఇచ్చింది. ఇంట్లో గానీ ఆఫీసులో గానీ ఎప్పుడూ ఒక్కరే విఫలమవుతుంటే, ఆ మనిషిని తిట్టేముందు అతనికి గాలి అందుతోందా అని చూడటం న్యాయం.

పరీక్ష చేయడం కష్టం కాదు. ఫలితం మనం అనుకున్నదానికి ఎదురు తిరిగినప్పుడు ఒప్పుకోవడమే కష్టం. 1974లో వచ్చిన ‘జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్’లో రాబర్ట్ పిర్సిగ్ దీనికి దక్షిణ భారతపు కోతి వలని ఉదాహరణగా తెచ్చాడు. కొబ్బరికాయకి చిన్న కన్నం పెట్టి లోపల బియ్యం వేస్తారు. ఖాళీ చెయ్యి దూరుతుంది, పిడికిలి బయటికి రాదు. కోతి బియ్యం వదలదు, దొరికిపోతుంది. “ఇది కార్బొరేటరే, నాకు తెలుసు” అనే ఓనరు పిడికిలి కూడా అలాంటిదే. ఆత్మవిశ్వాసం పెంచుకోమని అందరూ చెబుతారు. రిపేరు దగ్గర దానికి పెద్దగా పనిలేదు. తన మాట తప్పని తేలినా ముఖం మాడ్చుకోకుండా తర్వాతి ప్లగ్గు విప్పగలగాలి.

పొదుపంటే చౌక పార్టులు కొనడం కాదు. గాస్కెట్లు, ఆయిలు, ప్లగ్గులు సొంతంగా మార్చుకోవచ్చు, ఆ కూలీ మిగులుతుంది. పగిలిన హెడ్డు మాత్రం మెషిన్ షాపు పని. హెడ్డు విప్పినప్పుడు పాత ఎగ్జాస్ట్ వాల్వునే మళ్ళీ బిగించడం నా దృష్టిలో పొదుపు కాదు, జూదం. అది తెగితే ఇంజనే పోతుంది.

ఇలాంటి బండి కొనాలని మనసు పడ్డవాళ్ళు కొన్నరోజే ఒక పని చేయండి. పెట్రోలు పంపు డిస్ట్రిబ్యూటర్ పక్కనే ఉంటుంది, గొట్టం కారితే నిప్పంటుకోవచ్చు. ఇంజన్ కేసు మెగ్నీషియం మిశ్రమం. అది అంటుకుందంటే నీళ్ళకి ఆరదు. బీటలు వారిన పాత రబ్బరు గొట్టాలన్నీ తీసేసి, ఇథనాల్ కలిసిన పెట్రోలుకి తట్టుకునే కొత్తవి క్లిప్పులతో సహా వేయించండి. అవి మారేదాకా ఇంజన్ స్టార్ట్ చేయకండి.