డ్రోను వెనక సుడి: ఆకు కదలని వేళ మందు ఎక్కడికి పోతుంది?

జీడికి చిగురు, పూత వచ్చే రోజుల్లో టీ దోమను కనిపెట్టుకుని ఉండాలి. లేత చిగుళ్లు, పూతకాడల రసం పీల్చి మాడ్చేస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో తిరిగి వేసుకున్న తోటలను కాపాడుకోవాలంటే సమయానికి మందు కొట్టక తప్పదు. కూలీలు దొరక్క కొందరు డ్రోన్ల వైపు చూస్తున్నారు. మంచిదే. అయితే ‘గాలి బొత్తిగా లేనప్పుడే డ్రోను ఎగరేయించాలి’ అనే మాట సగమే నిజం. మిగతా సగం తెలియాలంటే విమానాల సంగతి కాస్త చెప్పుకోవాలి.

భావనపాడు వైపు పడవలో తెడ్డు వేయడం చూసే ఉంటారు. తెడ్డు లాగి పైకెత్తగానే దాని రెండు అంచుల దగ్గర రెండు సుళ్లు పుడతాయి. ఒకటి కుడికి, ఒకటి ఎడమకు తిరుగుతూ జంటగా సాగిపోతాయి. నీరు నిలకడగా ఉంటే చాలా దూరం పోతాయి, అలలుంటే అక్కడికక్కడే చెదిరిపోతాయి. విమానం వెనక గాలిలో జరిగేదీ ఇలాంటిదే. రెక్క కింద గాలి ఒత్తిడి ఎక్కువ, పైన తక్కువ. కింది గాలి రెక్క కొన చుట్టూ పైకి మళ్లి సుడి తిరుగుతుంది. రెండు కొనల నుంచి రెండు సుళ్లు. విమానం ఎంత బరువైతే, ఎంత మెల్లగా పోతే సుడికి అంత బలం.

1972 మే 30న అమెరికాలోని ఫోర్ట్‌వర్త్‌లో ఒక పెద్ద విమానం వెనకాలే దిగబోయిన చిన్న విమానం ఆ సుడిలో చిక్కి బోల్తాపడింది. నలుగురు చనిపోయారు. ఆ దశాబ్దంలో ఈ సుళ్ల మీద గట్టి పరీక్షలు జరిగాయి. ఎత్తైన స్తంభాల నుంచి పొగ వదిలి, పక్కగా విమానాలు నడిపి, సుడి ఎంతసేపు బతుకుతుందో చూశారు. తేలిందేమిటంటే గాలి నిశ్చలంగా ఉంటే పెద్ద విమానం సుడి నిమిషాల తరబడి ఉంటుంది. గాలిలో కదలిక, అలజడి ఉంటే సుళ్లు అల్లాడి, ఒకదాన్నొకటి తాకి తెగిపోతాయి. విమానాశ్రయాల్లో పెద్ద విమానం వెనక చిన్నదాన్ని కాసేపు ఆపి వదిలేది ఇందుకే.

మనకు దగ్గరి పరీక్ష మరొకటుంది. 1990 మేలో వర్జీనియాలోని వాలప్స్ దీవిలో నాసా వారు పొలాలకు మందు చల్లే విమానాన్నే ఎగరేసి, నేల నుంచి రంగు పొగ వదిలి ఫొటో తీశారు. రెక్క కొన దగ్గర పొగ చుట్ట చుట్టుకుని లేచింది. ఆ పొగ స్థానంలో సన్నటి మందు తుంపర ఉందనుకోండి. అందుకే మందు విమానాలకు నాజిళ్ల గొట్టం రెక్క చివరిదాకా పెట్టరు, సుమారు ముప్పాతిక వంతులోనే ఆపేస్తారు.

డ్రోనుకు రెక్కల్లేకపోయినా ఫ్యాన్లు గాలిని కిందికి తోస్తాయి. నిదానంగా పోతే ఆ గాలి కొమ్మల్లోకి దిగి తుంపరను ఆకు అడుగుకూ చేరుస్తుంది. ఇది డ్రోనులోని మేలు. వేగం పెంచితే ఆ గాలి చెట్టుకు అందక వెనక్కి వాలి, విమానానికి మల్లే రెండు సుళ్లుగా చుట్టుకుని సన్న తుంపరను పైకి ఎగరేస్తుంది. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఇది ఇంకా ఎక్కువ. ఎకరాల లెక్కన బాడుగ తీసుకునేవాళ్లకు వేగం లాభం, మనకు నష్టం. ఈ మాట ముందే ఖరారు చేసుకోండి.

పైకి లేచిన తుంపర ఏమౌతుంది? శీతాకాలం తెల్లవారుజామున కట్టెపొయ్యి పొగ పైకి పోక ఇళ్ల మీదే దుప్పటిలా పరుచుకోవడం ఉద్దానంలో అందరికీ తెలిసిందే. నేల దగ్గర చల్లగాలి, దాని మీద వెచ్చని గాలి మూతలా కూర్చుంటుంది. అలాంటి వేళ తుంపర చెదరక గుంపుగా తేలుతూ పక్క తోటకో, మంచినీళ్ల బావికో, పశువుల శాలకో చేరుతుంది. ఆకు కదలదు కాబట్టి మందు కదలదని మనం అనుకుంటాం.

కేరళలోని కాసర్‌గోడ్‌ను తలచుకోండి. అక్కడ కూడా జీడితోటలే, టీ దోమే. 1970ల చివరి నుంచి 2000 దాకా హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లారు. తోటల మధ్య ఊళ్లున్నాయి, మన ఉద్దానంలాగే. జనం జబ్బుల పాలై పోరాడారు. 2011 మే 13న సుప్రీంకోర్టు ఆ మందును ఆపేసింది. అక్కడి కష్టానికి సుడిగాలే కారణమని నేననడం లేదు, విషం మందులో ఉంది. కానీ పైనుంచి చల్లింది తోట గట్టు దగ్గర ఆగదు.

మరి ఎప్పుడు కొట్టించాలి? తెల్లారే ముందు నేలగాలి సముద్రం వైపు మెల్లగా పోతుంది. పొద్దెక్కాక సముద్రపు గాలి లోపలికి తిరుగుతుంది. ఈ రెంటి నడుమ గాలి స్తంభించే వేళ వద్దు. మధ్యాహ్నపు ఈదర అసలే వద్దు. పొద్దుట పూత మీద తేనెటీగలుంటాయి. సాయంత్రం గాలి తగ్గి, ఆకులు సన్నగా కదులుతున్నప్పుడు మొదలుపెట్టి పొద్దు గుంకక ముందే ముగించడం మేలు. అప్పుడు గాలి ఊరివైపు, అంటే పడమరకు పోతుంటుంది గనుక ఆ వైపు ఇళ్లుంటే కొన్ని వరసలు వదిలి, వాటికి చేతి పంపుతో కొట్టండి.

మందు పోయకముందు ఒక పరీక్ష చేయించండి. ట్యాంకులో నీళ్లు పోసి కాస్త బట్టల నీలం కలపాలి. చెట్ల కింద, గట్టు మీద, పక్కవారి అనుమతితో వారి తోటలో పది, ఇరవై అడుగులకొకటి తెల్లకాగితాలు పరిచి రాళ్లు పెట్టాలి. డ్రోను చెట్టు కొనకు సుమారు రెండు మీటర్ల పైన ఒకసారి నిదానంగా, కాగితాలు మార్చి మరోసారి వేగంగా నడపాలి. నీలి చుక్కలు ఏ కాగితం దాకా పడ్డాయో అడుగుల్లో రాసుకోండి. మందు కొట్టేనాడు పైలట్‌కు ఆ కాగితం చూపించి, ఎంత వేగంతో పోవాలో, గట్టుకు ఎన్ని వరసల ఇవతల నాజిల్ కట్టేయాలో చెప్పండి.