తొమ్మిదో తరగతికి వచ్చేసరికి కథల పుస్తకం ఎందుకు మూతపడుతోంది?



మొన్నటి పేరెంట్స్ మీటింగ్‌లో దోమ నుంచి వచ్చిన ఒక అమ్మ అడిగిన ప్రశ్న ఇది. "సార్, మావోడు మూడో క్లాసుల ఉన్నప్పుడు దుకాణంల పొట్లం కట్టిచ్చిన కాయితం గూడ ఇప్పి చదివేటోడు. ఇప్పుడు తొమ్మిదికొచ్చిండు. కథల బుక్కు కొనిస్తే అట్ట గూడ తియ్యలే. ఫోనేనా సార్ కారణం?"

ఫోన్ కూడా ఒక కారణమే. కానీ ఫోన్ ఇంతగా చేతికి రాకముందు నుంచే ఈ వయసులో చదువు జారిపోతోంది. అమెరికాలో ప్రభుత్వమే పిల్లలను అడిగి ఈ లెక్క తీస్తుంది. దాదాపు రోజూ సరదాగా చదువుతామని 2012లో చెప్పినవాళ్లు తొమ్మిదేళ్ల పిల్లల్లో నూటికి 53 మంది. అదే ఏడాది పదమూడేళ్ల వాళ్లలో 27 మందే. 2023 నాటికి ఆ 27 కూడా 14కు పడిపోయింది. ఈ రెండో తగ్గుదలలో ఫోన్ వాటా ఎంతో ఉండవచ్చు. మొదటి దానికి కారణం మాత్రం వేరే చోట వెతకాలి.

మన పిల్లల విషయంలో నాకు కనిపించే పెద్ద కారణం భాష. మీ అబ్బాయి ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. ఇంట్లో తెలుగు, తాండూరు బజారుకు వెళితే ఉర్దూ, కన్నడ కూడా చెవిన పడతాయి. మాట్లాడటానికి లోటు లేదు. చదవటం దగ్గరే చిక్కు. ఇంగ్లిష్‌లో అతను తడుముకోకుండా చదవగలిగే కథలు కుందేలు, తాబేలు స్థాయివి. పద్నాలుగేళ్ల వాడికి అవి చిన్నతనంగా ఉంటాయి. అతని వయసుకు తగిన ఇంగ్లిష్ నవల ఇస్తే పేజీకి పది మాటలు అడ్డం పడతాయి. పోనీ తెలుగు ఇద్దామంటే, కథ బాగా అర్థమవుతుంది గానీ కన్ను పరుగెత్తదు, ఒత్తుల దగ్గర ఆగుతుంది. 2018 చట్టం వల్ల ప్రతి బడిలోనూ తెలుగు చెప్పాల్సిందే. మేమూ చెబుతున్నాం. కానీ పాఠం కింది ప్రశ్నలకు జవాబులు కంఠస్థం చేస్తే మార్కులు వస్తాయి, వేగం రాదు. వేగం లేనిచోట కథ రుచించదు. పిల్లవాడు 'బోర్' అంటే అర్థం చాలాసార్లు 'కష్టంగా ఉంది' అనే. పద్నాలుగేళ్ల వాడు ఆ మాట ఒప్పుకోడు.

రెండో కారణం మేమూ మీరూ కలిసి చేసిందే. చదివిన ప్రతిదానికీ ఒక ప్రశ్న తగిలిస్తున్నాం. ఏం నేర్చుకున్నావు? నీతి ఏమిటి? సారాంశం రాయి. మీ చిన్నప్పుడు చందమామ చదివాక మిమ్మల్ని ఎవరైనా అలా అడిగారా? 1947 జూలైలో మొదలైన ఆ పత్రిక ఎన్నో ఏళ్లు ఇళ్లకు వచ్చింది. అచ్చు ఆగిపోయాక ఆ చోటు ఖాళీగానే ఉంది. డానియెల్ పెనాక్ అనే ఫ్రెంచి రచయిత బళ్లో పాఠాలు చెప్పినవాడే. 1992లో రాసిన పుస్తకంలో ఆయన పాఠకుడికి పది హక్కులు ఇచ్చాడు. చదవకుండా ఉండటం, పేజీలు దాటేయడం, మధ్యలో వదిలేయడం కూడా వాటిలో ఉన్నాయి. మన ఇళ్లలో సగం పుస్తకం వదిలేస్తే 'డబ్బులు దండగ' అంటాం.

ఇక సమయం. మన రాష్ట్రంలో 2022 ఫిబ్రవరి 5న ప్రభుత్వం 'చదువు, ఆనందించు, అభివృద్ధి చెందు' అని వంద రోజుల కార్యక్రమం మొదలుపెట్టింది. అది ఒకటి నుంచి తొమ్మిదో తరగతి వరకే. పదో తరగతి ఎందుకు లేదో మీకు వేరే చెప్పనక్కర్లేదు. మా సంగతి దాచడం ఎందుకు, పరీక్షలు దగ్గరపడితే మేం ముందు తీసుకునేది లైబ్రరీ పీరియడ్‌నే. అందులో స్లిప్ టెస్ట్ పెట్టిన రోజులున్నాయి. పల్లెల నుంచి బస్సులో వచ్చే పిల్లలు ఇల్లు చేరి హోంవర్క్ ముగించేసరికి కళ్లు మూతలు పడుతుంటాయి. అప్పుడు పుస్తకం తీయమనడం అన్యాయం.

ఆ అమ్మకు నేను చెప్పింది రెండే. ఆదివారం పేపరుతో వచ్చే పుస్తకం ఇంట్లో ఎదురుగా పడేయండి, చదవమని అనకండి. క్రికెటో, దెయ్యాల కథలో, ట్రాక్టర్ల గురించో, ఏది చదివినా 'ఇదా చదివేది' అనకండి. ఆమె నవ్వి, "నేను ఏడో క్లాసే సార్, నాకేం తెలుస్తది" అన్నారు. అదే మంచిదన్నాను. తెలియని అమ్మకు చెప్పడం పిల్లలకు ఇష్టం, తెలిసిన సారుకు అప్పజెప్పడం కాదు.

ఇంకొక మాట. మీరు కట్టే ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల లెక్కన గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నారు. అంటే ప్రభుత్వ గ్రంథాలయం మీ డబ్బుతో నడుస్తున్నదే. పని మీద వికారాబాద్ వెళ్లినప్పుడు పిల్లవాడిని వెంట తీసుకెళ్లండి. లోపల ఏ పుస్తకం తీయాలో అతనికే వదిలేసి, మీరు బయట చాయ్ తాగి రండి.