దూరం ఎవరి మధ్య?



మీ యాప్ సెట్టింగ్స్ తెరలో వరుసల మధ్య 12 డీపీ వదలాలా, 16 వదలాలా అని అడిగావు. రెండూ ఒప్పు కావచ్చు, రెండూ తప్పు కావచ్చు. పక్కనున్న ఖాళీలతో పోల్చి చూస్తే గాని తేలదు. మన తాళపత్ర ప్రతుల్లో పదాల మధ్య ఎడం ఉండేది కాదు. అందుకే పద్యం చేతికి తీసుకున్నవాడికి మొదటి పని పదచ్ఛేదం. ఎక్కడ విరవాలో తెలిశాకే అర్థం. అచ్చుపుస్తకంలో ఆ పని చాలావరకు ఖాళీయే చేసిపెడుతుంది. తెర మీద నువ్వు చేయాల్సిందీ పదచ్ఛేదమే. దగ్గరగా ఉన్నవాటిని కన్ను ఒక జట్టుగా చూస్తుందని మాక్స్ వెర్ట్‌హైమర్ 1923లోనే చుక్కల వరుసలతో చూపించాడు. ఆ చూపుకు చదువూ అక్కర్లేదు, ప్రయత్నమూ అక్కర్లేదు. కాబట్టి నువ్వు వదిలిన ప్రతి ఎడమూ, నువ్వు అనుకున్నా అనుకోకపోయినా, ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది.

'లొకేషన్' అని ఒక స్విచ్, దాని కింద 'ఆపితే దగ్గరి దుకాణాలు కనిపించవు' అని చిన్న వివరణ, ఆ కింద 'ప్రకటనలకు నా సమాచారం వాడుకోవచ్చు' అని మరో స్విచ్ ఉన్నాయనుకో. వివరణకు పైనా కిందా 12 చొప్పున వదిలితే ఆ వాక్యం పైదానిదో కిందిదో తెలియదు. పైన 4, కింద 20 వదిలి చూడు. మొత్తం ఎత్తు అంతే, అదే 24. అయినా ఇక అనుమానానికి తావుండదు. వార్తలు చదివే తెరలో ఇలాంటి పొరపాటు జరిగితే పోయేది ఒక క్షణం. సెట్టింగ్స్‌లో జరిగితే మనిషి తన సమాచారాన్ని తెలియకుండానే అప్పగించేస్తాడు. జట్టు లోపలి ఎడం కంటే జట్ల మధ్య ఎడం ఎప్పుడూ స్పష్టంగా పెద్దదిగా ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే. 4, 8 గుణిజాల గ్రిడ్‌లో కొలతలు ఎంచుకోవడం మంచి అలవాటే, లెక్క చెదరదు. కానీ ఆ గుణిజాల్లో ఏది ఎక్కడ పెట్టాలో గ్రిడ్ చెప్పదు, నువ్వే చెప్పాలి.

వేలి సంగతి త్వరగా చెప్పేస్తాను, ఇది నీకు తెలిసిందే. ఆండ్రాయిడ్‌లో తాకే చోటు కనీసం 48 డీపీ ఉండాలంటారు, చేతిలో అది దాదాపు 9 మిల్లీమీటర్లు. యాపిల్ 44 పాయింట్లంటుంది. 24 డీపీ ఐకాన్‌కు చుట్టూ 12 ప్యాడింగ్ ఇస్తే 48 వచ్చేస్తుంది. కంటికి ఖాళీగా కనిపించేదే వేలికి బటన్. వేలు పక్కకు పడవచ్చు కాబట్టి 'లాగౌట్' పక్కనే 'ఖాతా తొలగించు' మాత్రం పెట్టకు.

అసలు చిక్కు మన అక్షరంతో. తెలుగు అక్షరం పైకీ కిందికీ సాగుతుంది. గుడి పైన, వత్తు కింద. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరం కిందికి ఎంత దిగుతుందో చూడు. గూగుల్ మెటీరియల్ డిజైన్ మార్గదర్శకాలు తెలుగును అరబిక్, హిందీ, థాయ్‌లతో కలిపి పొడవాటి లిపుల్లో చేర్చి లైను ఎత్తు పెంచమన్నది ఇందుకే. 2024లో వచ్చిన ఆండ్రాయిడ్ 15, దాన్ని లక్ష్యంగా పెట్టుకుని కట్టిన యాప్‌లలో తెలుగుతో సహా ఇలాంటి లిపులకు ఎత్తు కుదించని అక్షరరూపాన్నే డిఫాల్ట్ చేసింది. అయినా ఇంగ్లీషు మాటలతో గీసిన డిజైన్‌కు అంగుళం తేడా రాకూడదని ఫాంట్ ప్యాడింగ్ తీసేసి, వరుస ఎత్తును 56 దగ్గర బిగించేస్తే వత్తులు తెగిపోతాయి, రెండో లైను సగమే కనిపిస్తుంది. ఎత్తు బిగించకు. కనీస ఎత్తు చెప్పి, పైనా కిందా ప్యాడింగ్ ఇచ్చి, మిగతాది అక్షరానికి వదిలెయ్. తెలుగులో వాడేవాళ్లు తక్కువేగా అని మీవాళ్లు అనవచ్చు. వత్తులు తెగే తెరను ఎవరు ఎంచుకుంటారు? ఆ తక్కువ లెక్కలో మన నిర్లక్ష్యం వాటా ఎంతో తీసి చూడకుండా దాన్నే సాక్ష్యంగా పెట్టడం న్యాయం కాదు.

ఇన్ని ఖాళీలు వదిలితే స్క్రోల్ పెరుగుతుందన్న అభ్యంతరంలో నిజముంది. ఖాళీ ఎక్కువైనా జట్టు విడిపోతుంది, చిన్న ఫోన్‌లో నాలుగు వరుసలకే తెర నిండుతుంది. కానీ దానికి మందు అన్ని ఎడాలనూ సమానంగా కోయడం కాదు. ముందు జట్టు లోపలివి తగ్గించు; అప్పటికీ సరిపోకపోతే అరుదుగా వాడేవాటిని లోపలి పేజీకి పంపు. ఖాళీ ఎందుకు, మధ్యలో గీత గీస్తే పోదా అని ఇంకొకరు అడుగుతారు. ప్రతి వరుస కిందా గీత ఉంటే అన్నీ సమానంగా విడిపోతాయి, జట్టన్నది మిగలదు. అయితే గీతకు నిజంగా పని పడే చోటొకటుంది. అక్షరాల పరిమాణం ఎస్పీలో, ఎడాలు డీపీలో ఇస్తాం; వాడేవాళ్లు అక్షరం పెంచుకుంటే ఎస్పీ పెరుగుతుంది, డీపీ పెరగదు. 2023 నాటి ఆండ్రాయిడ్ 14 నుంచి అక్షరాన్ని 200 శాతం దాకా పెంచుకోవచ్చు. చూపు తగ్గిన పెద్దవాళ్లు అలా పెంచితే అక్షరమూ లైన్ల మధ్య ఎడమూ పెరుగుతాయి, నువ్వు జట్ల మధ్య వదిలిన 20 మాత్రం 20గానే ఉండిపోతుంది. అప్పుడు జట్లన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. తెర మళ్లీ తాళపత్రమవుతుంది. ఆ పరిమాణంలో జట్ల మధ్య ఎడాన్ని కూడా పెంచు, లేదా జట్టుకొక గీతో, వెనుక వేరే రంగో ఇవ్వు.

12, 16ల వాదన మీ బృందంలో ఈ వారం మళ్లీ వస్తుంది. దానికి ముందే ఫోన్ భాష తెలుగుకు మార్చి, అక్షరాన్ని చివరిదాకా పెంచి, నీ తెరను ఒకసారి పైనుంచి కిందిదాకా చదువు. వివరణ ఏ స్విచ్‌దో ఎక్కడ తడుముకోవాల్సి వచ్చిందో గుర్తుపెట్టి ఆ స్క్రీన్‌షాట్లు నాకు పంపు, కూర్చుని చూద్దాం.

మామయ్య