గతజల సేతుబంధనం

పాఠ్యభాగ పరిచయం

"ఆనాడు అలా జరగకుండా ఉంటే ఎంత బాగుండేది!" అని ఒక్కసారైనా అనుకోని మనిషి ఉండడు. ఆ కోరిక ఊహగానే మిగిలిపోతుంది గనుక దాని పర్యవసానం మనకు తెలియదు. అది నెరవేరితే ఏమవుతుందో చూపిన అమెరికన్ చిత్రకథ ‘ఫ్లాష్‌పాయింట్’. జెఫ్ జాన్స్ రచనతో, ఆండీ క్యూబర్ట్ చిత్రాలతో డీసీ కామిక్స్ సంస్థ దీనిని 2011 మే నుండి ఆగస్టు వరకు ఐదు సంచికలుగా వెలువరించింది. వాటిలో చివరి సంచికను ఈ పాఠం పరిచయం చేస్తుంది.

పాఠం

చిత్రకథ అనగానే అది పిల్లల కాలక్షేపమని తేలికగా తీసివేయడం పరిపాటి. కాని ఒక్కొక్కప్పుడు పెద్దలు సైతం తమను తాము ప్రశ్నించుకోవలసిన విషయాలు ఆ రంగుల పుటలలో కనిపిస్తాయి.

ఈ కథానాయకుడు బ్యారీ అలెన్. నేర పరిశోధనశాలలో పనిచేసే ఇతడే మెరుపువేగంతో పరుగెత్తే ‘ఫ్లాష్’. 1956లో పాఠకుల ముందుకు వచ్చిన ఈ వీరునికీ, మన లోకాన్ని పోలిన వేరొక లోకం అనే భావనకూ పాత సంబంధం ఉంది. 1961లో వెలువడిన ఒక కథలో అతడు మరొక భూమిపైకి వెళ్ళి, అక్కడి ఫ్లాష్‌ను కలుసుకుంటాడు. ఆ తరువాత ఈ భావన చిత్రకథలలో బహుముఖాలుగా విస్తరించింది.

‘ఫ్లాష్‌పాయింట్’ ప్రారంభంలో బ్యారీ తన కార్యాలయంలో కునుకు నుండి మేల్కొంటాడు. అతని వేగం నశించింది. పరిచితమైన లోకం మారిపోయింది. పశ్చిమ యూరప్ సముద్రగర్భంలో మునిగి ఉంది. బ్రిటన్ అమెజాన్ వీరవనితల వశమైంది. అట్లాంటిస్ ప్రభువు ఆక్వామాన్‌కూ, అమెజాన్ల నాయకురాలు వండర్ ఉమన్‌కూ మధ్య ఘోరయుద్ధం సాగుతున్నది. బ్యారీ ఎరిగిన లోకంలో వీరిద్దరూ ఒకే పక్షాన నిలిచి ప్రజలను రక్షించిన వీరులు! సూపర్‌మాన్ సంగతి మరింత దయనీయం. అతని బలానికి ఆధారమైన సూర్యకాంతి సోకని రహస్య స్థావరంలో, ప్రభుత్వ బందీగా ఎముకల గూడై మిగిలాడు.

ఇంతటి విధ్వంసం నడుమ బ్యారీకి ఒక వరం లభించింది. చిన్ననాడే హత్యకు గురైన తల్లి నోరా ఈ లోకంలో సజీవంగా ఉంది. ఆమెను చూసిన కొడుకు కన్నులను తానే నమ్మలేకపోతాడు.

లోకాన్ని చక్కదిద్దే మార్గం వెదుకుతూ అతడు బ్యాట్‌మాన్‌ను ఆశ్రయిస్తాడు. అయితే ఆ ముసుగులో ఉన్నది మిత్రుడు బ్రూస్ వేన్ కాదు, బ్రూస్ తండ్రి థామస్. బ్యారీ ఎరిగిన లోకంలో ఒక దుండగుని తుపాకికి తల్లిదండ్రులు బలికాగా బాలుడు బ్రూస్ మిగిలాడు. ఈ లోకంలో బాలుడు మరణించి తండ్రి మిగిలాడు. ఒకరు తల్లిని పోగొట్టుకొని తిరిగి పొందినవారు, మరొకరు కుమారుని పోగొట్టుకొన్నవారు. వీరిద్దరి కలయికే ఈ కథకు ప్రాణం.

ఐదవ సంచిక యుద్ధభూమిలో ఆరంభమవుతుంది. తల్లిని చంపిన శత్రువు ఎయోబార్డ్ థాన్ ఎదురై ఒక కఠోర సత్యాన్ని వెల్లడిస్తాడు. లోకాన్ని మార్చినది థాన్ కాదు, బ్యారీయే! ఒకనాడు అతడు మాతృవియోగాన్ని భరించలేక, గతంలోకి పరుగెత్తి ఆ హత్యను అడ్డుకొన్నాడు. నేసిన వస్త్రంలో ఒక్క పోగును లాగితే దూరాన ఉన్న అంచు సైతం ముడుతపడినట్లు, ఆ ఒక్క చర్యతో కాలగమనమంతా చెదిరిపోయింది. అంతలో థామస్ చేతిలో థాన్ హతుడవుతాడు. అయినా యుద్ధం ఆగలేదు. దుర్మార్గుని సంహరించినంత మాత్రాన సమసిపోవడానికి ఆ యుద్ధానికి మూలం దుర్మార్గం కాదు, ప్రేమ.

కర్తవ్యం స్పష్టమైంది. మళ్ళీ గతంలోకి వెళ్ళి నాటి తనను తానే ఆపాలి. అంటే తల్లి మరణాన్ని జరగనివ్వాలి. బ్యారీ తల్లి వద్దకు వెళ్ళి సర్వమూ నివేదిస్తాడు. తన ప్రాణం కోసం అసంఖ్యాకులైన అమాయకులు నశించరాదని తలచిన ఆ తల్లి, కొడుకును కర్తవ్యోన్ముఖుని చేస్తుంది. చిత్రకథలలో వీరులు శత్రువులను జయించడం సాధారణం. ఇక్కడ వీరుడు జయించవలసినది తన హృదయాన్నే.

ఆ ప్రయాణానికి ముందు థామస్ ఒక లేఖను అతనికి అప్పగిస్తాడు. లోకం మారితే తాను ఉండనని థామస్‌కు తెలుసు. అయినా కుమారుడు జీవిస్తే చాలునని ఆ తండ్రి కోరిక. బ్యారీ తన లోకానికి చేరి ఆ లేఖను బ్రూస్‌కు అందిస్తాడు. ఎన్నడూ చలించని బ్యాట్‌మాన్ తండ్రి చేతివ్రాత చూసి కన్నీరు కారుస్తాడు. ఆ కన్నీటితోనే సంచిక ముగుస్తుంది. నశించిన లోకం నుండి మిగిలి వచ్చిన ఏకైక వస్తువు ఆయుధం కాదు, ఒక తండ్రి మనసు.

మరొక విశేషం గమనించదగినది. బ్యారీ గతాన్ని సరిదిద్దినా లోకం మునుపటిలా కుదురుకోలేదు. ప్రచురణకర్తలు ఈ కథను ఆధారం చేసుకొని, మార్పులు పొందిన చరిత్రతో 52 పత్రికలను మొదటి సంచిక నుండి మళ్ళీ ప్రారంభించారు. అది వ్యాపార నిర్ణయమే అయినా కథలోని సత్యానికి భంగకరం కాలేదు.

ప్రవహించిపోయిన నీటికి వంతెన కట్టడాన్ని మన పెద్దలు ‘గతజల సేతుబంధనం’ అన్నారు. అది వ్యర్థప్రయత్నమని వారి భావం. వ్యర్థమే కాదు, ఇతరులకు ముప్పు కూడా కావచ్చునని ఈ కథ హెచ్చరిస్తుంది. అలాగని పోయినవారిని మరచిపొమ్మని చెప్పదు. వారి ప్రేమను లేఖలా భద్రంగా మోసుకొంటూ ముందుకు సాగమంటుంది.

కఠిన పదాలు – అర్థాలు

పర్యవసానం : చివరి ఫలితం
పరిపాటి : అలవాటు, వాడుక
మాతృవియోగం : తల్లిని కోల్పోవడం
కఠోరం : మిక్కిలి కఠినమైనది
కర్తవ్యోన్ముఖుడు : చేయవలసిన పనికి సిద్ధపడినవాడు

సంధులు

పర్యవసానం = పరి + అవసానం (యణాదేశ సంధి)
ఏకైక = ఏక + ఏక (వృద్ధి సంధి)

ప్రశ్నలు

1. యుద్ధానికి మూలం దుర్మార్గం కాదు, ప్రేమ అనడంలోని ఔచిత్యాన్ని వివరించండి.
2. బ్యారీ, థామస్‌ల దుఃఖాలను పోల్చి రాయండి.
3. థామస్ లేఖ ప్రాముఖ్యం ఏమిటి?
4. బ్యారీ స్థానంలో మీరుంటే ఏ నిర్ణయం తీసుకొంటారు? కారణాలతో సమర్థించండి.