పాలలో సోడా ఎందుకు దాగదు?

పంజగుట్ట నిమ్స్ మొదలు అమీర్‌పేట సందుల్లోని లేబరేటరీల దాకా, బఫర్ ద్రావణం లేనిదే రక్తపరీక్షలు సాగవు. కొద్దిగా ఆమ్లం గాని, క్షారం గాని చేరినా పి.హెచ్. పెద్దగా మారకుండా ఆపేదే బఫర్. నెత్తుటి పూతకు లీష్‌మన్ రంగు వేసేటప్పుడు 6.8 పి.హెచ్. గల ఫాస్ఫేట్ బఫర్ వాడతారు. అది తప్పితే కణాల రంగే మారి, రోగనిర్ణయం తారుమారు కావచ్చు.

మన పాలలోనూ ఈ ఏర్పాటే ఉన్నది. ఫాస్ఫేట్లు, సిట్రేట్లు, కేసీన్ కలిసి తాజా పాలను 6.6–6.8 మధ్య నిలుపుతాయి. ఆలస్యమైతే సూక్ష్మజీవులు పుట్టించే ఆమ్లానికి ఆ బలం చాలదు, పాలు విరుగుతాయి. పులుపు కప్పిపుచ్చాలని కొందరు సోడా కలుపుతారు. సోడా సూక్ష్మజీవులను చంపదు. పైగా ఆల్కహాలు, రోసాలిక్ ఆమ్లం చుక్కలు వేయగానే ఆ పాలు గులాబి ఎరుపెక్కుతాయి. క్యాను వెనక్కు వస్తుంది. సభ్యులు సాయంత్రపు పాలను ఉదయపు పాలలో కలపవద్దని మా మనవి.